మందుల చీటీ రాసే అధికారం కోరే సైకాలజిస్టుకు: న్యూమెక్సికో దారి

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినదానికంటే విస్తీర్ణంలో పెద్దది, జనాభా మాత్రం సుమారు 21 లక్షలు. వారిలో సగానికి మించి ఆల్బుకర్కీ, శాంటా ఫే, లాస్ క్రూసెస్ నగరాల చుట్టూ ఉంటారు. మందులు రాసే మానసిక వైద్యులు, అంటే సైకియాట్రిస్టులూ చాలావరకు అక్కడే ఉంటారు. నవాహో ఆదివాసీల ప్రాంతం అంచున ఉన్న గ్యాలప్ పట్టణం నుంచి ఆల్బుకర్కీకి దాదాపు 225 కిలోమీటర్లు. డిప్రెషన్ మాత్ర పడక, మోతాదు తగ్గించాలో మాత్రే మార్చాలో తెలియక అవస్థ పడుతున్న మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఒక రోజు కూలీ, ఒక ట్యాంకు పెట్రోలు వదులుకోవాలి. అదే ఊళ్లో వారం వారం అతని గోడు వినే సైకాలజిస్టు ఉన్నా, ఆమెకు చీటీ రాసే అధికారం ఉండేది కాదు. 2002 మార్చిలో వచ్చిన చట్టం ఈ పరిస్థితిని మార్చింది. తగిన అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులు మానసిక వ్యాధులకు మందులు రాయవచ్చని ఒప్పుకున్న మొదటి అమెరికా రాష్ట్రం న్యూమెక్సికోయే.

అమెరికాలో సైకాలజీలో డాక్టరేట్ పూర్తిచేసి, లేదా పూర్తిచేయబోతూ, ఈ దారిలో వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. నేను ఈ దారిలో నడిచినదాన్నే. సర్టిఫికెట్ ఎలా సంపాదించాలో చెబుతాను గానీ, అంతకంటే ఎక్కువ చోటు దాన్ని ఎలా వాడాలన్న విషయానికి ఇస్తాను, ఎందుకంటే కొరత ఉన్న ఊళ్లో కూర్చుని, మనిషి శరీరాన్ని కూడా మనసంత శ్రద్ధగా చూసినప్పుడే ఈ అధికారానికి అర్థం ఉంటుందని నా గట్టి నమ్మకం.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదేదీ భారతదేశానికి వర్తించదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులకు కూడా మన దేశంలో మందులు రాసే హక్కు లేదు. తన వృత్తి పరిధి దాటి మందును గానీ చికిత్సను గానీ ఎవరూ సూచించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్న బంధువులు మీ చదువు చూసి ఫోనులో మందు పేరు అడిగితే చెప్పకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఏ రాష్ట్రం, ఏ షరతులు

న్యూమెక్సికో తరవాత లూసియానా 2004లో, ఇల్లినాయ్ 2014లో, అయోవా 2016లో, ఐడహో 2017లో, కొలరాడో 2023లో, యూటా 2024లో ఇలాంటి చట్టాలు చేశాయి. సైన్యంలోనూ, ఆదివాసీలకు వైద్యం అందించే ఇండియన్ హెల్త్ సర్వీస్‌లోనూ ఈ అర్హత ఉన్న సైకాలజిస్టులు పనిచేస్తున్నారు. చట్టాలన్నీ ఒక్క అచ్చులో పోసినవి కావు. ఇల్లినాయ్‌లో 17 ఏళ్లలోపు వారికీ, 65 దాటినవారికీ, గర్భిణులకూ సైకాలజిస్టు మందు రాయకూడదు. లూసియానాలో ఈ వృత్తివారిని మెడికల్ సైకాలజిస్టులంటారు, 2009 చట్టంతో వారిని వైద్యుల బోర్డు కిందికే తెచ్చారు. అంటే ఒక రాష్ట్రంలో సంపాదించిన అధికారం సరిహద్దు దాటగానే అలాగే చెల్లదు. కాబట్టి ఎక్కడ స్థిరపడతారో ముందు తేల్చుకుని, ఆ రాష్ట్ర బోర్డు తాజా నిబంధనలు తెచ్చుకుని చదివి, ఆ తరవాతే కోర్సుకు డబ్బు కట్టండి. ఈ వరస తారుమారు చేసుకుని రెండేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

చట్టం రాని రాష్ట్రంలో ఉన్నవారు రేపో మాపో వస్తుందని నమ్ముకుని కూర్చోకూడదు. ఒరెగాన్‌లో శాసనసభ రెండుసార్లు బిల్లు ఆమోదించింది, 2010లోనూ 2017లోనూ గవర్నర్లు దాన్ని తిప్పికొట్టారు.

చదువు

న్యూమెక్సికో చట్టం ప్రకారం డాక్టరేట్, రాష్ట్ర సైకాలజీ లైసెన్సు ముందే ఉండాలి. వాటిమీద కనీసం 450 గంటల తరగతి చదువు పూర్తిచేయాలి. నాడీశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, వ్యాధి శరీరంలో ఎలా పనిచేస్తుందో చెప్పే పాథోఫిజియాలజీ, మందుల శాస్త్రం, శరీర పరీక్ష, ల్యాబ్ ఫలితాలు చదవడం ఇందులో ఉంటాయి. ఇప్పుడు చాలామంది దీన్ని క్లినికల్ సైకోఫార్మకాలజీలో మాస్టర్స్ డిగ్రీగా చేస్తున్నారు. లాస్ క్రూసెస్‌లోని న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీ, న్యూజెర్సీలోని ఫేర్లీ డికిన్సన్, ఐడహో స్టేట్ యూనివర్సిటీ వంటివి ఈ కోర్సు నడుపుతున్నాయి. ఉద్యోగం చేస్తూ రెండేళ్ల పైచిలుకులో పూర్తిచేయవచ్చు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

ఇంటర్లో బైపీసీ చదివి తరవాత సైకాలజీకి వచ్చినవారికి పాత పాఠాలు కొంత ఆసరా ఇస్తాయి. ఎంపీసీ నుంచో ఆర్ట్స్ నుంచో వచ్చినవారు కోర్సు మొదలయ్యే ముందు ఆరు నెలలు కిడ్నీ, కాలేయం, గుండె, థైరాయిడ్ గురించి మామూలు నర్సింగ్ పాఠ్యపుస్తకం చదువుకోవడం మంచిది. మనసు మందులన్నీ కాలేయంలోనో కిడ్నీలోనో తేలవలసినవే కాబట్టి, ఆ రెండు అవయవాలు అర్థం కాకుండా మందుల పేర్లు బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం ఉండదు.

పర్యవేక్షణలో పని: 80 గంటలు, 400 గంటలు, 100 మంది

తరగతి చదువు తరవాత 80 గంటలు శరీర పరీక్షకు సంబంధించిన శిక్షణ ఉంటుంది. ఆ పైన వైద్యుడి పర్యవేక్షణలో కనీసం 400 గంటలు, కనీసం 100 మంది రోగులకు చికిత్స చేయాలి. చట్టం చెప్పిన ఈ అంకెలను కనీస హద్దుగా మాత్రమే చూడమని కోరుతున్నాను. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని మాటలు వినడం అలవాటైన మనకు, ఎదుటి మనిషి చేతికి బీపీ పట్టీ చుట్టడం, నాడి పట్టుకోవడం, కాళ్లవాపు నొక్కి చూడటం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది పోయేదాకా, అంటే అవసరమైతే 80 గంటల చోట 160 గంటలైనా, కుటుంబ వైద్యుడి క్లినిక్‌లో నిలబడండి. పర్యవేక్షకుణ్ణి ఎంచుకునేటప్పుడు సైకియాట్రిస్టునే పట్టుకోవాలని లేదు. మారుమూల ఊళ్లో పనిచేయబోయేవారికి ఫ్యామిలీ మెడిసిన్ వైద్యులు నేర్పేది చాలా ఉంటుంది, ఎందుకంటే రేపు మీ దగ్గరికి వచ్చే మనిషికి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పి, డిప్రెషన్ అన్నీ ఒక్కసారే ఉంటాయి.

ఈ శిక్షణలో నేను చేసిన ఒక తప్పు చెబుతాను. చాలా ఏళ్లుగా, బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం మీద నిలకడగా ఉన్న, 60కి దగ్గర పడిన ఒక పశువుల కాపరి వచ్చారు. కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు ఆయన చెయ్యి వణికింది, అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. కొత్త మనిషి ముందు కంగారు పడుతున్నారని నేను అనుకున్నాను. ఏ మందులు వాడుతున్నారని అడిగితే డాక్టర్లు రాసినవి మాత్రమే వరసగా చెప్పారు: లిథియం, బీపీకి లిసినోప్రిల్. నేను రాసుకున్నాను. నన్ను పర్యవేక్షిస్తున్న వైద్యుడు లోపలికి వచ్చి అడిగింది ఒక్కటే ప్రశ్న: "మోకాళ్లు నొప్పి పెడితే ఏం వేసుకుంటారు?" ఆయన చొక్కా జేబులోంచి ఇబుప్రోఫెన్ సీసా తీశారు. పెట్రోలు బంకులో కొన్నది, మూడు వారాలుగా రోజుకు ఆరు మాత్రలు. ఆ వేసవిలో నీళ్లు కూడా తక్కువే తాగుతున్నారు. అదే రోజు రక్తపరీక్షలో లిథియం 1.7 వచ్చింది, సాధారణంగా 0.6 నుంచి 1.2 మధ్య ఉంచుతాం. ఆయన్ను వెంటనే ఆసుపత్రికి పంపారు, కోలుకున్నారు. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, లిసినోప్రిల్ రకం బీపీ మందులు కిడ్నీ ద్వారా లిథియం బయటకు పోవడాన్ని తగ్గిస్తాయని నాకు పుస్తకంలో తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా జేబులోని సీసా గురించి అడగాలని తోచలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది: మొదటిసారి వచ్చేవారందరికీ, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మని ముందే ఫోను చేయిస్తాను. డాక్టరు రాసినవి, బంకులో కొన్నవి, పొరుగింటివారు ఇచ్చినవి, ఆకులు, వేర్లు, టీ పొడులు అన్నీ. సంచిని బల్ల మీద కుమ్మరించి, ఒక్కొక్క సీసా ఎత్తి, "ఇది నిజంగా ఎలా వేసుకుంటున్నారు?" అని అడుగుతాను. సీసా మీద రాసినదానికీ చెప్పేదానికీ పొంతన కుదరని సందర్భాలు చాలా ఉంటాయి. ఈ అలవాటు మీరు శిక్షణ మొదటి రోజునుంచే చేసుకోండి.

పరీక్ష, షరతులతో కూడిన రెండేళ్లు

జాతీయ స్థాయి పరీక్షను క్లుప్తంగా పెప్ అంటారు. రాష్ట్రాల సైకాలజీ బోర్డుల సంఘం దీన్ని నిర్వహిస్తుంది. పాసైతే, వృత్తిబీమా చూపితే, బోర్డు షరతులతో కూడిన సర్టిఫికెట్ ఇస్తుంది. దానితో రెండేళ్లు వైద్యుడి పర్యవేక్షణలో మందులు రాయాలి, ఆ తరవాత మీ పనిని స్వతంత్రంగా సమీక్షించి పూర్తి సర్టిఫికెట్ ఇస్తారు. తరగతులూ ప్రాక్టికల్ శిక్షణా దరఖాస్తుకు ముందు ఐదేళ్లలోపు పూర్తిచేసినవై ఉండాలన్న షరతు కూడా ఉంది, కాబట్టి చదువు ముగించి పదేళ్లు పక్కన పెట్టి తీరిగ్గా దరఖాస్తు చేయడం కుదరదు. పూర్తి సర్టిఫికెట్ వచ్చాక ఏటా 20 గంటల చదువు కొనసాగించాలి.

నియంత్రిత మందులు, అంటే ఏకాగ్రత లోపానికి వాడే మిథైల్‌ఫెనిడేట్, ఆందోళనకు వాడే లొరాజెపామ్ వంటివి రాయాలంటే కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ దగ్గర నమోదు కావాలి. 2023 జూన్ 27 నుంచి ఆ నమోదుకు వ్యసనాల చికిత్స మీద 8 గంటల శిక్షణ కూడా తప్పనిసరి చేశారు. అలాంటి మందు రాసే ముందు రాష్ట్ర మందుల పర్యవేక్షణ పట్టిక తెరిచి, ఆ మనిషికి మరెవరైనా అవే రకం మందులు రాస్తున్నారేమో చూడాలి. నా సలహా ఏమిటంటే, మొదటి ఏడాది లొరాజెపామ్ రకం మందులైన బెంజోడయాజపైన్ల జోలికి వీలైనంత తక్కువ వెళ్లండి. మాటలతో ఆందోళన తగ్గించడం మన వృత్తికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యను పక్కన పెట్టి మాత్ర అందుకోవడం మొదలుపెడితే, ఇన్నేళ్లు సైకాలజీ చదివినందుకు ఫలితం లేదు.

మొదటి చీటీకి ముందు

మనసు బాధలా కనిపించే శరీర వ్యాధిని ముందు వెతకాలి. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా, నిద్రలో ఊపిరి ఆగుతున్నా మనిషి నీరసంగా, దేని మీదా ఆసక్తి లేకుండా, కన్నీళ్లు పెట్టుకుంటూ కనిపిస్తాడు. ఆరు నెలలుగా ఎవరూ రక్తపరీక్ష చేయని మనిషికి మొదటి రోజే సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు రాయవలసిన అత్యవసరం చాలా అరుదు. పరీక్షలు రాయించండి, ఫలితాలు వచ్చేలోగా కౌన్సెలింగ్ మొదలుపెట్టండి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారి విషయం వేరు. అక్కడ ఆలస్యం చేయకూడదు. ఇంట్లో తుపాకీ ఉందా, మాత్రల నిల్వ ఉందా అని నేరుగా అడిగి, కుటుంబంతో మాట్లాడి, అమెరికా ఆత్మహత్య నివారణ సహాయ నంబరు 988 వారి ఫోనులో అక్కడికక్కడే నమోదు చేయించి, అవసరమైతే ఆసుపత్రికి పంపాలి.

డిప్రెషన్ మందు రాసే ముందు, గతంలో ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాట ఆగకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన సందర్భం ఉందా అని మనిషినీ, వీలైతే ఇంట్లోవారినీ అడగండి. బైపోలార్, అంటే దిగులూ ఉన్మాదమూ మారిమారి వచ్చే జబ్బు ఉన్న మనిషికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాద దశ మొదలయ్యే ప్రమాదం ఉంది. 25 ఏళ్లలోపు వారికి మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఈ మందుల సమాచార పత్రంలోనే ఉంటుంది, కాబట్టి వారిని వారంలోపే మళ్లీ చూడాలి. 60 దాటినవారికి సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. బీపీకి నీటి మాత్ర వాడే ముసలివారికి ఈ రకం మందు మొదలుపెడితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మొదలుపెట్టిన రెండు వారాలకు సోడియం పరీక్ష చేయించండి. నొప్పికి వాడే ట్రామడాల్ కూడా డిప్రెషన్ మందుతో కలిస్తే ప్రమాదం, అది ఉందేమో సంచిలో చూడాలి.

బైపోలార్‌కు వాడే లామోట్రిజిన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దూరాభారం ఉన్న ఊళ్లలోనే దీనితో పొరపాట్లు జరుగుతాయి. మొదటి రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, తరవాతి రెండు వారాలు 50, ఆ పైన మెల్లగా పెంచాలి. బైపోలార్‌కే వాడే మరో మందు వాల్ప్రోయేట్ కూడా తీసుకుంటుంటే మొదట్లో రోజు విడిచి రోజు 25 మాత్రమే. తొందరపడి పెంచితే ప్రాణాంతకమైన చర్మవ్యాధి రావచ్చు. మంచు పడి రోడ్డు మూసుకుపోయి, మందుల షాపుకు వెళ్లలేక, వరసగా ఐదారు రోజులు మాత్ర తప్పిపోయిన మనిషి ఏం చేస్తాడు? మాత్రలు దొరకగానే పాత మోతాదు 200 మిల్లీగ్రాములు ఒక్కసారే వేసుకుంటాడు. అలా చేయకూడదు, మళ్లీ 25 నుంచి మొదలుపెట్టాలి. ఈ మాట చీటీ వెనక పెద్ద అక్షరాలతో, వారి భాషలో, రాసి ఇవ్వండి. శీతాకాలం మొదలయ్యేలోగా 90 రోజుల నిల్వ ఇచ్చే ఏర్పాటు చేయండి, ఆత్మహత్య ప్రమాదం లేనివారికి మాత్రమే.

ఓలాంజపైన్, క్వెటియాపైన్ వంటి, తీవ్ర మానసిక వ్యాధులకు వాడే మందులు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొవ్వులు రాసి పెట్టాలి. మొదటి మూడు నెలలు నెలనెలా బరువు చూడాలి, మూడో నెలలో షుగరు, కొవ్వులు మళ్లీ పరీక్షించాలి. ఆదివాసీ సమాజాల్లో షుగరు వ్యాధి ఎక్కువ కాబట్టి ఇక్కడ ఈ లెక్క తప్పకూడదు.

మనం చెప్పే జాగ్రత్తలు ఆ ఇంటి పరిస్థితికి సరిపోతాయా అని కూడా ఆలోచించాలి. లిథియం ఇచ్చి "నీళ్లు బాగా తాగండి" అనడం తేలిక. నవాహో ప్రాంతంలో కొళాయి లేని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పికప్ వ్యాను వెనక డ్రమ్ముల్లో నీళ్లు తెచ్చుకుని, పశువులకూ పిల్లలకూ పొదుపుగా వాడుకునే ఇల్లాలికి ఆ సలహా వినబడే తీరు వేరు. రాయలసీమలోనో పాలమూరులోనో బిందెడు నీళ్ల కోసం నడిచిన రోజులు చూసినవారికి దీన్ని వివరంగా చెప్పనక్కరలేదు. అలాంటి ఇంట్లో లిథియమే సరైన మందా, లేక మరొకటి ఆలోచించాలా అన్నది వైద్యపరమైన ప్రశ్నే. సంప్రదాయ వైద్యుల దగ్గరికి వెళ్తున్నారా అని గౌరవంగా అడగండి, వెళ్లవద్దని చెప్పకండి, ఏ మూలికలు ఇచ్చారో తెలుసుకోండి. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక డిప్రెషన్ మందుతో కలిస్తే ప్రమాదం.

కుటుంబ వైద్యుడితో బంధం

రోగి సాధారణ ఆరోగ్యం చూసే వైద్యుడితో లేదా నర్సు ప్రాక్టీషనర్‌తో నిరంతర సంబంధం ఉంచుకోవాలని న్యూమెక్సికో చట్టమే నిర్దేశిస్తుంది. కాగితం మీద ఆ నిబంధన నెరవేర్చడం సులభం, ఒక ఫ్యాక్స్ పంపితే చాలు. నేను చేసేది ఇది: కొత్త మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా, ఆపినా, అదే రోజు ఐదారు వాక్యాల ఉత్తరం పంపుతాను. ఏ మందు, ఎందుకు, ఎంత, ఏ పరీక్ష ఎప్పుడు, ఏ లక్షణం కనిపిస్తే నాకు ఫోను చేయాలి, అంతే. రెండు పేజీల మనస్తత్వ విశ్లేషణ పంపితే రోజుకు పాతికమందిని చూసే వైద్యుడు చదవడు. ఆరు నెలలకోసారి స్వయంగా వెళ్లి కలుస్తాను. ఊళ్లో అసలు వైద్యుడే లేని రోగి వస్తే, ముందు అతనికి ఒక వైద్యుణ్ణి వెతికి పెట్టడమే మన మొదటి పని.

కష్టమైన కేసు వచ్చినప్పుడు ఒంటరిగా కొట్టుమిట్టాడవద్దు. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో 2003లో మొదలైన ప్రాజెక్ట్ ఎకో ఇలాంటి అవసరం కోసమే పుట్టింది. హెపటైటిస్ సీ కేసులతో మొదలై, మారుమూల క్లినిక్‌లలో ఉన్నవారు వీడియోలో నిపుణుల ముందు కేసు పెట్టి చర్చించే పద్ధతిగా ఎన్నో వ్యాధులకు విస్తరించింది.

ఆపడం

మందు ఆపడం చాలా చోట్ల ఎవరి పనీ కాకుండా పోయింది. పదేళ్ల కిందట ఎవరో మొదలుపెట్టిన మాత్ర, మరొకరు కలిపిన మాత్ర, ఆసుపత్రిలో తాత్కాలికంగా ఇచ్చిన మాత్ర, అన్నీ ఏటా రీఫిల్ అవుతూనే ఉంటాయి. వారం వారం రోగిని చూసే మనకు, ఏది పనిచేస్తోందో ఏది ఊరికే ఉందో గమనించే అవకాశం పావుగంట మాత్రమే చూసే వైద్యుడికంటే ఎక్కువ. ప్రతి చీటీ రాసిన రోజే, దీన్ని ఎప్పుడు తిరిగి పరిశీలిస్తామో తేదీ కూడా రాసి పెట్టండి. ప్రతి సందర్శనలో డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగి అంకె నమోదు చేస్తే, మందు వల్ల మార్పు వచ్చిందా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడదు. ఆపేటప్పుడు పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి డిప్రెషన్ మందులను ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, విద్యుత్తు తగిలినట్టు జిల్లుమనడం, చిరాకు వస్తాయి. అవి చూసి జబ్బు తిరగబెట్టిందని రోగీ, కొన్నిసార్లు మనమూ పొరబడతాం. ఏళ్ల తరబడి వాడిన బెంజోడయాజపైన్‌ను హఠాత్తుగా ఆపితే మూర్ఛ రావచ్చు, నెలల తరబడి మెల్లగా తగ్గించాలి. ఒకే సమయంలో రెండు మందులు మార్చకండి.

అభ్యంతరాలను వినండి

అమెరికన్ మెడికల్ అసోసియేషన్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ చట్టాలను వ్యతిరేకిస్తూ వచ్చాయి. వైద్యుడి శిక్షణలో వేల గంటలు ఉంటే ఇందులో వందలే ఉన్నాయన్నది వారి ప్రధాన వాదన. దీన్ని అసూయ అని కొట్టిపారేసే సహోద్యోగులతో నేను ఏకీభవించను. లిథియం విషయంలో నేను చేసిన తప్పు ఆ వాదనలో నిజం ఉందని చూపిస్తుంది. మరోవైపు, 1991 నుంచి 1997 వరకు రక్షణ శాఖ వాల్టర్ రీడ్ సైనిక వైద్య కేంద్రంలో నడిపిన ప్రయోగంలో 10 మంది సైకాలజిస్టులు శిక్షణ పొంది సైనికులకు మందులు రాశారు. వారి పనిని పరిశీలించిన నిపుణులు నాణ్యతను మెచ్చుకున్నారు, శిక్షణకు అయిన ఖర్చు ఎక్కువన్న విమర్శ కూడా వచ్చింది. మనం ఇచ్చుకోవలసిన జవాబు వాదనల్లో కాక ఫైళ్లలో ఉండాలి: ప్రతి రోగికి మొదటి రోజు కొలతలు, పరీక్షల తేదీలు, వైద్యుడికి పంపిన ఉత్తరం. సర్టిఫికెట్ తీసుకుని నగరంలో, అప్పటికే సైకియాట్రిస్టులు ఉన్న వీధిలో, సొంత క్లినిక్ పెట్టుకునేవారికి మాత్రం ఆ విమర్శకుల ముందు చెప్పుకోవడానికి ఏమీ మిగలదని నా అభిప్రాయం. కొరత పేరు చెప్పి తెచ్చుకున్న చట్టం ఇది.

ఎక్కడ పనిచేయాలి

ప్రభుత్వం గుర్తించిన వైద్య కొరత ప్రాంతాల పట్టికలో మానసిక వైద్యానికి విడిగా ఒక జాబితా ఉంది. న్యూమెక్సికోలో ఎక్కువ కౌంటీలు అందులోనే ఉంటాయి. అక్కడి ఆమోదిత క్లినిక్‌లో పూర్తికాలం రెండేళ్లు పనిచేస్తే, నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే ప్రభుత్వ పథకం చదువు అప్పులో 50,000 డాలర్ల వరకు తీరుస్తుంది, సైకాలజిస్టులు దీనికి అర్హులే. ఈ పథకం అమెరికా పౌరులకు మాత్రమే. కాబట్టి ఇంకా వీసా మీద ఉన్న మనవాళ్లు దీన్ని లెక్కలో వేసుకుని అప్పు చేయకూడదు. వారు ముందు, తమ వీసాకు మద్దతిచ్చే క్లినిక్ ఏదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

కొరత ఉన్న ఊరికి వెళ్లినప్పుడు తిరిగి వచ్చే రోజు గురించి కూడా మొదట్లోనే ఆలోచించాలి, ఎందుకంటే రెండేళ్ల ఒప్పందం ముగియగానే సైకాలజిస్టు వెళ్లిపోతే మందు మీద ఉన్న వందమంది గతి ఏమిటన్నది చాలా క్లినిక్‌లలో ఎవరూ అడగరు. వెళ్లాలని నిర్ణయించుకున్న రోజునే జాబితా రాయండి. లిథియం, క్లోజపైన్, నియంత్రిత మందుల మీద ఉన్నవారి పేర్లు పైన పెట్టండి. కనీసం 90 రోజుల ముందు ఒక్కొక్కరికీ ముఖాముఖి చెప్పండి, వారి తదుపరి రక్తపరీక్ష తేదీ, ఆ ఫలితం చూసే మనిషి పేరు, ఫోను నంబరు ఒకే కాగితం మీద రాసి చేతికివ్వండి. ఎవరి పేరు ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉందో, వారికి మనిషి కుదిరేదాకా బయలుదేరే తేదీ వాయిదా వేసుకోండి.